ఒక డిసెంబరు మాసం

చరిత్రను మనం సాధారణంగా రాజుల పాలనాకాలాలను బట్టి, యుద్ధాలను బట్టి, ఉద్యమాలను బట్టి చదువుతాం. అలా కాక ఒకే ఒక మాసాన్ని ఎంచుకొని, ఆ కొద్ది రోజులలో ప్రపంచం నలుమూలలా జరిగిన సంఘటనలను పక్కపక్కన ఉంచి చూస్తే మరొక విధమైన చిత్రం కనిపిస్తుంది. ఆనాటి పత్రికలు పెద్ద అక్షరాలతో ప్రకటించినవి ఏవో, ఎవరి దృష్టికీ రాకుండా జరిగిపోయినవి ఏవో అప్పుడు తెలుస్తుంది. అటువంటి పరిశీలనకు 1911వ సంవత్సరపు డిసెంబరు మాసం ఎంతో అనువైనది.

ఆ మాసంలో భారతదేశమంతటా ఒకటే మాట వినిపించింది. అది ఢిల్లీ దర్బారు. 1911 జూన్‌లో లండన్‌లో కిరీటధారణ చేసుకున్న అయిదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణితో కలిసి డిసెంబరు 2వ తేదీన బొంబాయి రేవులో దిగాడు. 1877లోను, 1903లోను ఢిల్లీలో దర్బారులు జరిగాయి కాని వాటికి చక్రవర్తి పక్షాన రాజప్రతినిధులే అధ్యక్షత వహించారు. సింహాసనంపై ఉన్న బ్రిటిష్ చక్రవర్తి స్వయంగా హాజరైన దర్బారు ఇదొక్కటే. బ్రిటన్ రాజకిరీటాన్ని దేశం దాటించడానికి అక్కడి నియమాలు అంగీకరించవు. అందుచేత ఈ ఒక్క ఉత్సవం కోసం ఆరువేలకు పైగా వజ్రాలను పొదిగి కొత్త కిరీటం చేయించారు. దానికైన 60,000 పౌండ్ల వ్యయాన్ని భారతదేశపు ఖజానా భరించింది. దాదాపు కిలో బరువున్న ఆ కిరీటాన్ని డిసెంబరు 12న కొన్ని గంటలు ధరించిన చక్రవర్తి, అది తలను నొప్పించిందని తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ తరువాత దానిని ఏ పాలకుడూ ధరించలేదు. అది నేటికీ లండన్ టవర్‌లోనే ఉంది. దాని మూల్యం చెల్లించిన వారిలో ఎందరు దానిని కన్నులారా చూశారో ఊహించడం కష్టం కాదు.

దర్బారులో స్వదేశ సంస్థానాధీశులు ఒక్కొక్కరుగా వచ్చి చక్రవర్తికి నమస్కరించాలి. ఆ వరుసలో మొదటివాడు హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఆయన గద్దెనెక్కి అప్పటికి నాలుగు మాసాలైనా నిండలేదు. నమస్కరించిన పిదప వెన్ను చూపకుండా కొన్ని అడుగులు వెనుకకు నడిచి వెళ్ళడం మర్యాదగా నిర్ణయించారు. బరోడా మహారాజు మూడవ శాయాజీరావు గైక్వాడ్ మాత్రం సామాన్యమైన వేషంతో వచ్చి, ఒకే ఒక్కసారి వంగి నమస్కరించి, వెనుదిరిగి వెళ్ళిపోయాడు. కావాలని చేశాడా, తడబాటు వల్ల చేశాడా అన్నది నేటికీ చర్చనీయాంశమే. ఆంగ్ల పత్రికలు మాత్రం దానిని రాజద్రోహంగా భావించి గగ్గోలు పెట్టాయి. చివరకు మహారాజు క్షమాపణ లేఖ రాయవలసి వచ్చింది. చదువుకు ఎంతో ప్రోత్సాహమిచ్చి, అంబేద్కర్ విదేశీ విద్యకు ధనసహాయం చేసిన ప్రభువు ఈయనే.

దర్బారు ముగియబోతుండగా చక్రవర్తి స్వయంగా లేచి రెండు ప్రకటనలు చేశాడు. అంతవరకు ఆ రహస్యం అతికొద్దిమందికి మాత్రమే తెలుసు. మొదటిది, రాజధానిని కలకత్తా నుండి ఢిల్లీకి మార్చడం. రెండవది, 1905లో కర్జన్ ప్రభువు చేసిన బెంగాలు విభజనను రద్దుచేయడం. ఈ రెండవ ప్రకటన వెనుక ఆరేళ్ళ పోరాటం ఉంది. విభజనకు నిరసనగా పుట్టిన వందేమాతరం ఉద్యమం మన ప్రాంతానికీ పాకింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ విశాఖపట్టణం, కాకినాడ, రాజమహేంద్రవరం, మచిలీపట్టణం మొదలైన చోట్ల ఉపన్యసించాడు. ఆ ఉత్తేజంతో రాజమహేంద్రవరం విద్యార్థులు కళాశాలలో వందేమాతరం నినాదాలు చేశారు. ఆ కారణంగా బహిష్కరణకు గురైన వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. మార్పు ఉండదని ప్రభుత్వం ఎన్నోమార్లు చెప్పిన నిర్ణయాన్ని చక్రవర్తే ఉపసంహరించుకున్నాడంటే, ఆ కుర్రవాళ్ళు పోగొట్టుకున్న చదువులకు కూడా అందులో కొంత భాగం ఉన్నట్లే లెక్క.

ఆ ప్రకటనలోనే మరొక అంశం ఇమిడి ఉంది. బీహారు, ఒరిస్సాలను బెంగాలు నుండి వేరుచేసి ఒక రాష్ట్రంగా ఏర్పరుస్తామన్నారు. మద్రాసు రాజధానిలో తమిళులతో కలిసి ఉన్న ఆంధ్రులకు ఈ మాట ఎంతో ఆశను కలిగించింది. బీహారువారికి లభించినది మనకెందుకు లభించరాదన్న ప్రశ్న గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల విద్యావంతులలో తలెత్తింది. 1912లో నిడదవోలులో ఈ విషయం చర్చకు వచ్చింది. 1913 మే 26న బాపట్లలో బి.ఎన్. శర్మ అధ్యక్షతన ప్రథమ ఆంధ్రమహాసభ జరిగింది. ఆ కోరిక ఫలించి 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించడానికి నలభై ఏళ్ళు పట్టింది.

దర్బారు జరిగిన మూడవనాడు, డిసెంబరు 15న, కొత్త రాజధానికి శంకుస్థాపన జరిగింది. ఆ స్థలం అనుకూలం కాదని తరువాత తేలడంతో పునాదిరాళ్ళను పెకలించి రైసినా కొండ ప్రాంతానికి తరలించారు. నిర్మాణం పూర్తయి 1931 ఫిబ్రవరిలో కొత్త ఢిల్లీకి ప్రారంభోత్సవం జరిగింది. శాశ్వతమని తలచి కట్టిన ఆ నగరం నుండి వారు పరిపాలించినది పదహారేళ్ళు మాత్రమే.

ఢిల్లీలో దర్బారు సంబరాలు సాగుతున్న ఆ వారంలోనే భూగోళపు దక్షిణాగ్రాన అయిదుగురు మనుష్యులు మంచులో నడుస్తున్నారు. నార్వే దేశీయుడైన రోల్డ్ అముండ్సెన్, ఆయన నలుగురు సహచరులు డిసెంబరు 14న దక్షిణ ధ్రువాన్ని చేరుకొని తమ దేశపు జెండాను పాతారు. మానవుడు అక్కడ అడుగుపెట్టడం అదే మొదటిసారి. అయినా ఆనాటి పత్రికలలో ఆ వార్త లేదు, ఉండే అవకాశమూ లేదు. అముండ్సెన్ తిరిగివచ్చి, టాస్మేనియాలోని హోబర్ట్ రేవు నుండి 1912 మార్చిలో తంతి పంపేవరకు ప్రపంచానికి ఆ సంగతి తెలియదు. ఆయన తరువాత అయిదు వారాలకు అక్కడికి చేరిన ఇంగ్లీషు నావికాధికారి స్కాట్‌కు అముండ్సెన్ వదిలివెళ్ళిన గుడారం కనిపించింది. స్కాట్, ఆయన అనుచరులు నలుగురూ తిరుగు ప్రయాణంలో మరణించారు.

యూరపులో అదే మాసంలో గౌరవం పొందిన వ్యక్తి మేరీ క్యూరీ. ఆమె 1903లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతిని భర్తతోను, బెకెరెల్‌తోను పంచుకున్నారు. రేడియం, పొలోనియం మూలకాలను కనుగొన్నందుకు 1911లో రసాయనశాస్త్ర బహుమతి ఆమె ఒక్కరికే లభించింది. రెండుసార్లు నోబెల్ బహుమతిని పొందిన మొదటి వ్యక్తి ఆమె. ఆ ఏడాది మొదట్లోనే ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఆమెకు సభ్యత్వం నిరాకరించింది. ఏడాది చివరికి ప్యారిస్ పత్రికలు కొన్ని ఆమె వ్యక్తిగత జీవితాన్ని వీధికెక్కించాయి. బహుమతి ప్రదానానికి రాకపోవడమే మంచిదని స్వీడన్ శాస్త్రవేత్త ఒకరు ఆమెకు లేఖ రాశారు. బహుమతి శాస్త్రకృషికి ఇస్తున్నారనీ, దానికీ తన వ్యక్తిగత జీవితానికీ సంబంధం లేదనీ బదులిచ్చి, ఆమె స్టాక్‌హోమ్ వెళ్ళి డిసెంబరు 10న బహుమతిని స్వీకరించారు. మరునాడు ఉపన్యాసం ఇచ్చారు. వెంట వెళ్ళిన పద్నాలుగేళ్ళ కుమార్తె ఐరీన్ 1935లో అదే శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందడం విశేషం.

క్యూరీ ఉపన్యసించిన ఆ డిసెంబరు 11వ తేదీనే ఈజిప్టు రాజధాని కైరోలో ఒక మగశిశువు జన్మించాడు. కష్టమైన ఆ పురుడు పోసిన వైద్యుని పేరునే తల్లిదండ్రులు బిడ్డకు పెట్టుకున్నారు. ఆ బాలుడే నజీబ్ మహఫూజ్. కైరో వీధుల జీవితాన్ని నవలలుగా మలచి, 1988లో నోబెల్ సాహిత్య బహుమతి పొందిన మొదటి అరబ్బీ రచయిత అయ్యాడు. ఇక మాసాంతంలో చైనా విప్లవకారులు డిసెంబరు 29న నాన్‌కింగ్‌లో సన్ యట్ సేన్‌ను తాత్కాలిక అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. 1912 ఫిబ్రవరిలో బాలచక్రవర్తి సింహాసనాన్ని వదులుకోవడంతో చైనాలో రాజరికం అంతరించింది.

తిరిగి మన దేశానికి వద్దాం. ఢిల్లీలో ఉత్సవాలు ముగిశాక చక్రవర్తి నేపాలు తరాయి అడవులకు పులుల వేటకు వెళ్ళాడు. అదే సమయంలో కలకత్తాలో బిషన్ నారాయణ్ దర్ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ సమావేశమైంది. రెండవనాడు, అంటే డిసెంబరు 27న, రవీంద్రనాథ ఠాగూరు రచించిన ఒక కొత్త గీతంతో సభ ప్రారంభమైంది. అదే ‘జనగణమన’. అనంతరం విభజన రద్దుకు కృతజ్ఞతగా చక్రవర్తికి స్వాగతం పలుకుతూ తీర్మానం చేశారు. ఆ సందర్భంగా మరొకరు హిందీలో రచించిన చక్రవర్తి స్తుతిగీతాన్ని కూడా పాడారు. మరునాడు కొన్ని ఆంగ్ల పత్రికల విలేఖరులు ఈ రెండు పాటలను కలగాపులగం చేసి, ఠాగూరు చక్రవర్తిని కీర్తిస్తూ గీతం రాశాడని ప్రకటించారు. పాట భాష అర్థంకాని వారు రాసిన ఆ నాలుగు వాక్యాలు ఒక మహాకవిని జీవితాంతం వెంటాడాయి.

నిజానికి 1912 జనవరిలో ఆ గీతం ‘భారత విధాత’ అన్న పేరుతో బ్రహ్మసమాజపు పత్రిక తత్త్వబోధినిలో అచ్చయింది. ఆ నెలలోనే దానిని సమాజపు ఉత్సవంలో ప్రార్థనాగీతంగా పాడారు. 1937లో ఒక మిత్రుడు ప్రశ్నించినప్పుడు ఠాగూరు జరిగినది వివరించారు. ప్రభుత్వంలో పలుకుబడిగల పరిచితుడొకరు చక్రవర్తిపై పాట రాయమని కోరగా తన మనస్సు కలత చెందిందనీ, ఆ కలతలోనే యుగయుగాలుగా ప్రజల రథాన్ని నడిపిస్తున్న భాగ్యవిధాతను కీర్తించాననీ, ఆ సారథి అయిదవ జార్జి గాని మరే జార్జి గాని కాజాలడనీ ఆయన రాశారు. ఇంత స్పష్టమైన సమాధానం దొరికినా ఆ అపవాదు నేటికీ అప్పుడప్పుడు తలెత్తుతూనే ఉంది.

ఆ గీతానికి మన చిత్తూరు సీమతోనూ అనుబంధం ఉంది. 1919 ఫిబ్రవరిలో ఠాగూరు మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి కొన్ని రోజులు విశ్రమించారు. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్. ఒక సాయంత్రం విద్యార్థుల నడుమ ఠాగూరు జనగణమనను తానే పాడి వినిపించారు. సంగీతవేత్త అయిన కజిన్స్ సతీమణి మార్గరెట్ ఆ బాణీకి స్వరలిపి సిద్ధం చేశారు. ఫిబ్రవరి 28న కవి దానిని స్వయంగా ఆంగ్లంలోకి అనువదించి, ‘ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరుపెట్టి, తన చేతివ్రాతతో అక్కడే అందజేశారు. కళాశాలలో విద్యార్థులు ప్రతిదినం ఆ పాటను పాడేవారు. రాజ్యాంగ సభ దానిని జాతీయగీతంగా ప్రకటించినది 1950 జనవరి 24న. దర్బారు జరిగిన మైదానంలో ఇప్పుడొక ఉద్యానవనం ఉంది. కొత్త ఢిల్లీలోని ఇండియా గేటు వద్ద నుండి తొలగించిన అయిదవ జార్జి విగ్రహం, మరికొందరు రాజప్రతినిధుల విగ్రహాలతో పాటు అక్కడ నిలబడి ఉంది.