గుర్రానికి తొలకరి ముందే వైద్యం

రోహిణి కార్తె వచ్చిందంటే రైతు ధ్యాసంతా విత్తనం మీద, ఎరువు మీదే. ఆవులకూ గేదెలకూ వానలకు ముందే గొంతువాపు టీకా వేయించాలన్న సంగతి ఊరూరా తెలుసు. కొట్టంలో గుర్రం ఉన్నవాళ్లలో చాలామంది మాత్రం జబ్బు చేస్తే చూసుకుందాంలే అనుకుంటారు. ఆ లెక్క గుర్రం దగ్గర తప్పుతుంది. 2019 పశుగణనలో దేశం మొత్తానికి గుర్రాలు, తట్టువలు కలిపి 3.4 లక్షలే తేలాయి. 2012 నాటితో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి. అందుకే మన పశువైద్యశాలలకు గేదె, గొర్రె వచ్చినంతగా గుర్రం రాదు. దానికి కావలసిన మందు వేళకు అక్కడ దొరుకుతుందన్న నమ్మకమూ తక్కువ. పాడేరు, చింతపల్లి కొండదారుల్లో సంత సరుకు మోసే గుర్రాన్నయితే డాక్టరు దాకా తీసుకుపోవడమే పెద్ద పని. వైద్యం ఇంత దూరాన ఉన్నప్పుడు జబ్బు రాకుండా చూసుకోవడం మీదే ఖర్చు పెట్టాలన్నది నా వాదన.

మాది నాటు గుర్రం, ఎండకూ వానకూ రాటుదేలింది, దానికి సూదులెందుకు అంటారు. ధనుర్వాతం దగ్గర ఆ రాటుదనం పనికిరాదు. ఆ క్రిమి మట్టిలోనే ఉంటుంది, గుర్రపు లద్దెలోనూ ఉంటుంది. పెంపుడు జంతువుల్లో దాని విషానికి అందరికంటే తేలిగ్గా లొంగేది గుర్రమే. గిట్టలో దిగిన మేకు, జీను ఒరిపిడికి పడ్డ పుండు చాలు. దవడలు బిగిశాక ఎంత వైద్యం చేయించినా బతికేవి తక్కువ. రాళ్లదారిలో ఎక్కువ తిరిగే గుర్రానికే గాయాల భయం ఎక్కువ కాబట్టి, టీకా అవసరం ముందు దానికే. ఇంతవరకు టీకా ఎరుగని గుర్రానికి 4 నుంచి 6 వారాల తేడాతో రెండు మోతాదులు పడాలి, ఆ తర్వాత ఏటా ఒకటి. రోహిణిలో మొదటిది వేయిస్తే ఆరుద్రలో రెండోది పడుతుంది. బురద రోజులకు రక్షణ సిద్ధమవుతుంది.

మేత విషయంలో ఆవుకు చెల్లినట్టు గుర్రానికి చెల్లదు. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది ఏదైనా ముందుకే పోవాలి. వేసవంతా ఎండు చొప్ప తిన్న జీవాన్ని తొలకరి పచ్చికలో ఒక్కసారిగా వదిలితే కడుపుశూల పట్టొచ్చు, గిట్టల లోపల వాపు రావచ్చు. కాబట్టి పచ్చిమేతను వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచాలి. బూజు పట్టిన మొక్కజొన్న మిగిలిపోయిందని గుర్రానికి అస్సలు పెట్టొద్దు. ఆ బూజు విషం దాని మెదడునే కరిగిస్తుంది, పశువులు తట్టుకునే మోతాదును కూడా అది తట్టుకోలేదు. కోళ్ల దాణా ఇంకా ప్రమాదం. అందులో మోనెన్సిన్ మందు కలిసి ఉంటే కొద్దిపాటికే గుర్రం గుండె దెబ్బతింటుంది. కోళ్ల ఫారాలున్న ఊళ్లలో దాణా సంచులు ఒకేచోట పెట్టుకునేవాళ్లు ఈ ఒక్క మాటైనా గుర్తుంచుకోవాలి.

రెండు నెలలకోసారి నట్టల మందు తాగిస్తున్నాం, ఇంకేం కావాలి అనే వాళ్లూ ఉన్నారు. వాళ్ల శ్రద్ధ మంచిదే, పద్ధతి సరికాదు. అవసరం చూడకుండా అదే మందు పదే పదే పోస్తే నట్టలు దానికి అలవాటుపడి చావడం మానేస్తాయి. లద్దె పరీక్ష చేయించి గుడ్ల లెక్కను బట్టి మందు పోయడం మేలు. వారానికి రెండుసార్లు మేసే చోట లద్దె ఎత్తేస్తే సగం పని మందు లేకుండానే అవుతుంది. కొట్టం దగ్గర లద్దె, నిలవనీరు లేకుండా చూసి, ఈగలు ముసిరే వేళ పొగ వేయాలి. వానాకాలంలో జోరీగలు కుట్టి అంటించే సర్రా జబ్బుకు టీకా లేదు. జ్వరం వచ్చి పోతూ, గుర్రం చిక్కిపోతూ, కాళ్లకూ పొట్ట కిందా నీరు చేరితే వెంటనే రక్తపరీక్ష చేయించండి.

ముక్కు నుంచి చిక్కటి చీము, ఒంటి మీద పగిలే గడ్డలు కనిపిస్తే మాత్రం సొంత వైద్యం చేయకండి. అది గ్లాండర్స్ కావచ్చు, మనుషులకూ అంటుకుంటుంది, దానికీ టీకా లేదు. ఆ గుర్రాన్ని వేరుగా కట్టి, అది తాగిన తొట్టి మరో జీవానికి పెట్టకుండా, అదే రోజు పశువైద్యాధికారికి చెప్పండి.