చెప్పే ధైర్యం, వినేవారి స్వేచ్ఛ

ఎదుటివారితో మర్యాదగా మాట్లాడడం పిల్లలకు నేర్పుతాం. వారికి నచ్చని నిజాన్ని మర్యాద తప్పకుండా చెప్పడం మాత్రం ఎవరూ నేర్పరు. ‘మనకెందుకొచ్చిన గొడవ’ అన్న మాట ఇళ్లలో, ఆఫీసుల్లో, చివరికి చర్చిల్లో కూడా వివేకం కిందే చెల్లిపోతోంది. యథార్థవాది లోకవిరోధి అన్న సామెత ఆ మౌనానికి పెద్దరికం కట్టబెడుతోంది. క్రైస్తవ విశ్వాసికి మాత్రం ఈ మౌనంలో తలదాచుకునే వీల్లేదు. యెహెజ్కేలు గ్రంథం 33వ అధ్యాయం కావలివాడి బాధ్యతను తేటగా చెబుతుంది. ఖడ్గం రావడం చూసి కూడా బూర ఊదకపోతే జరిగిన ప్రాణనష్టానికి అతడే ఉత్తరవాది. ఊదిన తర్వాత జనం లెక్కచేయకపోతే ఆ దోషం అతడిది కాదు. అంటే హెచ్చరించడం వరకే అతడి పని, ఆపైన నిర్ణయం విన్నవారిది. ఈ రెండో సగాన్ని మరిచినవారి చేతిలో మొదటి సగం దౌర్జన్యంగా మారుతుంది. విశ్వాసాన్ని ధైర్యంగా చెప్పడానికి కావలసింది పెద్ద గొంతు కాదు. ఆ మాటకయ్యే మూల్యాన్ని తానే భరించి, నిర్ణయాన్ని వినేవారికే వదిలిపెట్టగల వ్యక్తిత్వం కావాలి. ఈ మాట నిజమో కాదో పరీక్షించుకోవడానికి కోల్‌కతా, దాని పక్కనే హుగ్లీ ఒడ్డున ఉన్న శ్రీరాంపూర్ చరిత్ర కన్నా మంచి చోటు మన దేశంలో లేదు.

ఇంగ్లీషు మిషనరీ విలియం కేరీ 1793 నవంబరులో కలకత్తాలో దిగారు. మతప్రచారకుల రాక ఈస్టిండియా కంపెనీకి ఇష్టం లేదు. అందుకే ఆయన మాల్దా ప్రాంతంలోని మద్నాబాటీలో నీలిమందు ఫ్యాక్టరీ చూసుకుంటూ బతికారు. 1799లో కలకత్తా నుంచి పడవలో తిరిగి వెళుతుండగా నయాసరాయ్ దగ్గర ఒక సాయంత్రం ఒడ్డున జనం గుమిగూడి కనిపించారు. చితి మీద భర్త శవం ఉంది. పక్కన భార్య, ఆమె దగ్గర మిఠాయిల బుట్ట. ఇది ఆమె ఇష్టమేనా అని కేరీ అడిగారు, పూర్తిగా ఇష్టమేనని అక్కడివాళ్లు అన్నారు. వాదించి చూశారు, ఫలితం లేకపోయింది. అప్పుడు ఇది హత్య అని గట్టిగా అరిచారు. చూడలేకపోతే వెళ్లిపొమ్మన్నారు వాళ్లు. వెళ్లనని, చివరిదాకా ఉండి చూసి దేవుని న్యాయపీఠం ముందు సాక్ష్యం చెబుతానని ఆయన జవాబిచ్చారు. భయపడవద్దని, కాదన్నంత మాత్రాన ఏ కీడూ జరగదని ఆమెకూ చెప్పారు. ఆమె మిఠాయిలు వెదజల్లుతూ చితి చుట్టూ తిరిగి పైకెక్కింది. మీద ఎండుటాకులు కప్పి, నెయ్యి పోసి, వెదురు బొంగులతో అదిమిపట్టి నిప్పు పెట్టారు. ఆమె అరిచిందో లేదో జనం కేకల్లో ఎవరికీ వినిపించలేదు.

ఆ సాయంత్రం కేరీ ఓడిపోయారు. ఫలితాన్ని బట్టే ధైర్యాన్ని కొలిచేవారు ఆయన అరుపు వృథా అంటారు. తర్వాతి ముప్ఫై ఏళ్లు చూస్తే అలా అనలేం. మొక్కుబడి పేరుతో గంగాసాగర్‌లో పసిపిల్లలను నీళ్లలో వదిలే ఆచారంపై విచారణ చేయమని గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఆయనకు అప్పగించారు, 1802లో దాన్ని నిషేధిస్తూ రెగ్యులేషన్ వచ్చింది. సతి గురించి కేరీ, ఆయనతో ఉన్న శ్రీరాంపూర్ మిషనరీలు మనుషులను పంపి లెక్క తీయించారు. కలకత్తా చుట్టూ 30 మైళ్ల లోపు ఒక్క ఏడాదిలో 438 మంది స్త్రీలు కాలిపోయారని ఆ లెక్క తేల్చింది. ఈలోగా హెచ్చరిక హిందూ సమాజం లోపలి నుంచీ వినిపించింది. శాస్త్రం సతిని విధించలేదని ఫోర్ట్ విలియం కళాశాలలో పనిచేసిన పండితుడు మృత్యుంజయ విద్యాలంకార్ 1817లో అభిప్రాయం రాశారు, 1818 నుంచి రామమోహన్ రాయ్ బెంగాలీలో, ఇంగ్లీషులో పుస్తకాలు వేశారు. చివరికి 1829 డిసెంబరు 4న బెంటింక్ ప్రభుత్వం 17వ రెగ్యులేషన్‌తో సతిని నిషేధించింది. దాన్ని బెంగాలీలోకి మార్చే పని కేరీకే వచ్చింది. ఆ కాగితం ఆదివారం చేతికందిందని, ఆలస్యమైతే మరికొందరి ప్రాణాలు పోతాయని ఆయన ప్రసంగం బాధ్యత ఇంకొకరికి అప్పగించి ఆ రోజే అనువాదం ముగించారని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. హెచ్చరిక కేరీ ఒక్కరిదీ కాదు, ఫలితం ఆయన ఒక్కరి ఘనతా కాదు. అయినా 1799లో అరిచి ఊరుకునే మనిషైతే 1829లో ఆ పనికి అక్కరకు వచ్చేవారు కాదు. ఒకసారి కుండబద్దలు కొట్టినట్టు చెప్పి చేతులు దులుపుకోవడం ఆవేశం. చెప్పినదాని కోసం లెక్కలు తీస్తూ, భాష నేర్చుకుంటూ, ముప్ఫై ఏళ్లు నిలబడడం వ్యక్తిత్వం.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. సతి ప్రాణాల విషయం కాబట్టి అడ్డుపడడం సబబే, ఒకరి విశ్వాసం వారి సొంత వ్యవహారం, అందులో వేలు పెట్టడం ఎందుకని. న్యాయమైన ప్రశ్న ఇది. అయితే విశ్వాసం సొంతమైనంత మాత్రాన రహస్యం కానక్కరలేదు. రాజకీయాల మీద, వైద్యం మీద, పిల్లల చదువు మీద మన నమ్మకాలను దాచుకోకుండా చెబుతాం. అన్నిటికన్నా విలువైనదని నమ్మినదాన్ని మాత్రం ఆప్తుల దగ్గర కూడా దాచుకోవడాన్ని గౌరవం అనలేం, అది దూరం పెట్టడమే. అసలు ప్రశ్న చెప్పే తీరుది. 1805లో శ్రీరాంపూర్ మిషనరీలు తమకు తాము రాసుకున్న ఒడంబడికలో దీనికి జవాబుంది. ఈ దేశ ప్రజల ఆలోచనలను, అలవాట్లను ముందు తెలుసుకోవాలని, వారి దేవతల తప్పులను ద్వేషంతో ఎత్తిచూపకూడదని, విగ్రహాల జోలికి వెళ్లకూడదని, పూజలకు అడ్డుపడకూడదని అందులో నియమాలు పెట్టుకున్నారు. ఏటా మూడుసార్లు ప్రతి కేంద్రంలోనూ దాన్ని చదవాలని కూడా నిర్ణయించుకున్నారు. తమ సందేశం మీద పూర్తి నమ్మకం ఉన్నవారే తమ నోటికి తామే ఇన్ని హద్దులు గీసుకున్నారు.

ఆ హద్దు దాటితే ఏమవుతుందో రెండేళ్లకే తెలిసివచ్చింది. శ్రీరాంపూర్ ప్రెస్‌లో అచ్చయిన పారశీక భాషా కరపత్రం ఒకదానిలో మహమ్మద్ ప్రవక్తను దూషించే మాటలు వెలువడ్డాయి. 1807లో లార్డ్ మింటో ప్రభుత్వం మండిపడి ప్రెస్‌నే కలకత్తాకు తరలించమంది. అనువాదంలో చేరిన ఆ మాటలను తాము చూసుకోలేదని మిషనరీలు ఒప్పుకుని విచారం తెలిపారు, చాలా ప్రయత్నం తర్వాత ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది. 1831లో కలకత్తాలోనే ఇంకో ఉదంతం జరిగింది. హిందూ కళాశాల యువకుడు కృష్ణమోహన్ బెనర్జీ ఇంట్లో లేని సమయంలో ఆయన స్నేహితులు అక్కడ గోమాంసం తిని, ఎముకలను పక్కనున్న బ్రాహ్మణుల ఇంట్లోకి విసిరి కేకలు వేశారు. సంస్కరణ పేరుతో చేసిన ఆ పనికి శిక్ష ఆయన మీద పడింది, ఇల్లు విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఎముకలు విసిరినవారు ఎవరి మనసూ మార్చలేదు. అదే కృష్ణమోహన్ మిషనరీ అలెగ్జాండర్ డఫ్ ఉపన్యాసాలు విని, వాదించి, ఆలోచించి, 1832 అక్టోబరు 17న తన నిర్ణయంతో బాప్తిస్మం తీసుకున్నారు. అవమానించడానికి ధైర్యం అక్కరలేదు, గుంపు తోడుంటే చాలు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న మాట మెతకదనాన్ని నేర్పేది కాదు. ఎదుటివారి ముఖం చూస్తూ నిజం చెప్పేటప్పుడు పాటించవలసిన క్రమశిక్షణను అది నేర్పుతుంది. పేతురు తన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో విశ్వాసి జవాబు చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలంటూనే దానికి సాత్వికాన్ని, గౌరవాన్ని జతచేసింది ఇందుకే.

మరో ఆక్షేపణ క్రైస్తవుల్లోనే వినిపిస్తుంది. మంచిగా బతికితే చాలదా, మాటలెందుకు అని. దీనికి తరచూ మదర్ థెరిసాను ఉదాహరణగా చూపుతారు. 1952లో కాళీఘాట్‌లో ఆమె తెరిచిన నిర్మల్ హృదయ్‌లో మరణించేవారికి వారి వారి మతాచారాల ప్రకారమే కడసారి మర్యాదలు జరిగాయి. హిందువుకు గంగాజలం, ముస్లింకు ఖురాన్ పఠనం. ఎదుటివారి నిర్ణయాన్ని మరణశయ్య దగ్గర కూడా గౌరవించడమంటే ఇదే. ఆమె మౌనంగా సేవ చేసి ఊరుకున్నారనుకుంటే మాత్రం పొరపాటు. ఎవరి కోసం చేస్తున్నారో ఆమె అడుగడుగునా చెప్పారు, 1979లో ఓస్లోలో నోబెల్ వేదిక మీద కూడా యేసు పేరు పదేపదే పలికారు. శ్రీరాంపూర్‌లోనూ ఇదే క్రమం. 1800లో కృష్ణపాల్ అనే వడ్రంగి భుజం తప్పితే డాక్టర్ జాన్ థామస్ సరిచేశారు. ఆ చికిత్స అతనికి తలుపు తెరిచింది, ఆ తర్వాతి సంభాషణలు విశ్వాసాన్ని ఇచ్చాయి. కేరీ వచ్చిన ఏడేళ్లకు, 1800 డిసెంబరు 28న హుగ్లీ నదిలో అతను బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకు ముందే మిషనరీలతో కలిసి భోంచేశాడన్న కోపంతో గుంపు అతన్ని అక్కడి డేనిష్ పాలనాధికారి దగ్గరకు ఈడ్చుకెళ్లింది. అంటే మూల్యం కట్టింది ఎక్కువగా కృష్ణపాలే. విశ్వాసం చెప్పేవారు ఇది మరిచిపోకూడదు. విని ఒప్పుకున్నవారు తమ కులాన్ని, కుటుంబాన్ని పణంగా పెడుతున్నప్పుడు, చెప్పినవారు తమ సుఖాన్ని మాత్రం కాపాడుకుంటే ఆ సాక్ష్యానికి విలువ ఉండదు.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ చరిత్రది. తెల్లవారి ఏలుబడి నీడలో సాగిన ప్రచారం స్వేచ్ఛాయుతం ఎలా అవుతుంది, ఆశ చూపి మతం మార్చడం లేదా అని. ఈ అనుమానానికి కారణాలున్నాయి కాబట్టి దాన్ని కొట్టిపారేయడం నిజాయితీ కాదు. కంపెనీ వీరిని అడ్డుకుందని, అందుకే డేనిష్ వారి శ్రీరాంపూర్‌లో తలదాచుకున్నారని గుర్తుచేయడం కొంత జవాబే గానీ పూర్తి జవాబు కాదు. పూర్తి జవాబు వినేవారి స్వేచ్ఛలో ఉంది, దానికి కలకత్తాలోనే గొప్ప సాక్షి రామమోహన్ రాయ్. 1830 జులై 13న డఫ్ చిత్‌పూర్ రోడ్డులో పాఠశాల తెరవడానికి ఇల్లు కుదిర్చిపెట్టింది ఆయనే. మొదటి రోజు బైబిలు చదవడానికి విద్యార్థులు సంకోచిస్తే, తాను బైబిలంతా చదివినా క్రైస్తవుడిని కాలేదని, చదివి మీకు మీరే తీర్పు చెప్పుకోమని ఆయన అన్నారు. ఆ పాఠశాలే నేటి స్కాటిష్ చర్చి కళాశాలగా ఎదిగింది. అంతకు పదేళ్ల ముందు ఆయన యేసు బోధలను సంకలనం చేసి, దైవత్వ సిద్ధాంతాన్ని పక్కనపెడితే, శ్రీరాంపూర్ మిషనరీ జాషువా మార్ష్‌మన్ పత్రికలో ఖండించారు. రామమోహన్ వరుసగా మూడు జవాబులు రాశారు. ఈ వాదం నడిచిన రోజుల్లోనే 1821లో బాప్టిస్టు మిషనరీ విలియం ఆడమ్ రామమోహన్ వాదనకు ఒప్పుకుని యూనిటేరియన్ అయ్యారు. ఇతరుల మనసు మార్చాలని వచ్చినవాడి మనసే మారింది. ధైర్యంగా చెప్పేవారు ఒప్పుకోవలసిన సాహసం ఇది. మూడో జవాబును కలకత్తా బాప్టిస్టు ప్రెస్ అచ్చు వేయనంటే రామమోహన్ సొంత ప్రెస్ పెట్టుకుని 1823లో వేయించారు. ఆ తిరస్కరణ క్రైస్తవ పక్షానికి వన్నె తేలేదు. నీ మాట వినమని అడిగే హక్కు, అవతలి మాట వినే బాధ్యతతోనే వస్తుంది.

మన రాజ్యాంగం కూడా దాదాపు ఈ గీతనే గీసింది. 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే హక్కుతో పాటు ప్రచారం చేసే హక్కునూ వ్యక్తులందరికీ ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కులో మత సిద్ధాంతాలను వివరించి చెప్పడం ఉందని, ఇంకొకరిని మతం మార్చే హక్కు లేదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు సమర్థించిన మతమార్పిడి చట్టాల మీద అభ్యంతరాలు ఉండవచ్చు. ఆ తేడా మాత్రం కావలివాడి ఉపమానానికి దగ్గరగానే ఉంది. చెప్పడం మన చేతిలో ఉంది, మార్చడం మన చేతిలో లేదు. డబ్బు, ఉద్యోగం, భయం చేరిన చోట సాక్ష్యం ముగిసి బేరం మొదలవుతుంది. దాన్ని మొదట ఖండించవలసింది క్రైస్తవులే. అలాగే ఎవరైనా తమ విశ్వాసం మనకు వివరించబోతే విసుక్కోకుండా వినాలి. మనం కోరే స్వేచ్ఛ వారికీ అంతే ఉంది.

తెలుగువారికి ఈ చరిత్ర దూరపుది కాదు. 1812 మార్చి 11న శ్రీరాంపూర్ ప్రెస్ కాలిపోయినప్పుడు పోయిన రాతప్రతుల్లో కేరీ తెలుగు వ్యాకరణం కూడా ఉంది. ఆయన మళ్లీ రాసి 1814లో అచ్చువేశారు, 1818లో అక్కడి నుంచే తెలుగు కొత్త నిబంధన వెలువడింది. ఒకరికి ఏదైనా చెప్పాలంటే ముందు వారి భాష నేర్చుకోవాలి, బూడిదైనా మళ్లీ మొదలుపెట్టాలి. ఈ ఓర్పు లేనివారి ధైర్యం వేదిక దిగేదాకా కూడా నిలవదు.

ఈ గుణం మతప్రచారకులకే అవసరమనుకోకండి. అన్నయ్య తాగుడుకు బానిసవుతున్నా, స్నేహితురాలు అప్పుల ఊబిలోకి దిగుతున్నా, సాటి విశ్వాసి తప్పు బోధ వెంట పడుతున్నా మౌనంగా చూసే అలవాటే మన నిజమైన బలహీనత. ఈ వారమే ఒక మనిషిని ఎంచుకోండి. ఆ మనిషి గురించి ముందు బాగా తెలుసుకోండి, మీ మాటను నలుగురిలో కాకుండా ఒంటరిగా, తిట్టకుండా, తిప్పకుండా చెప్పండి. మీరు నమ్మినది ఎందుకు నమ్మారో కూడా దాచకండి. ఆ తర్వాత వారి జవాబు పూర్తిగా వినండి. వారు కాదంటే స్నేహం తెంచుకోకండి, వారికి అవసరమైన రోజున ముందుగా వెళ్లి నిలబడండి. హెచ్చరించే హక్కు ప్రేమించేవారికే ఉంది, ప్రేమించేవారికి మౌనంగా ఉండే హక్కు లేదు.