దూడ పొట్టకు ఏ పొడి మంచిది?

సందేహం: మా ముర్రా గేదె ఈని పది రోజులైంది. దూడ మందకొడిగా ఉంది. పాలలో ప్రోబయోటిక్ పొడి కలిపి తాగిస్తే ఎదుగుతుందని మందుల షాపులో చెప్పారు. వాడమంటారా?
– పాడి రైతు, సూర్యాపేట జిల్లా

సమాధానం: వాడవచ్చు. ముందు ఏలికపాముల సంగతి చూడండి. గేదె దూడలకు ఇవి తల్లిపాల ద్వారానే సంక్రమిస్తాయి. పేడ బంకమట్టిలా, కంపు కొడుతూ ఉంటే అనుమానించాలి. పశువైద్యుడిని అడిగి, దూడ బరువును బట్టి పైపరజిన్ తాగించండి. పాములుండగా ఏ పొడి పోసినా డబ్బు దండగే.

ప్రోబయోటిక్‌లో లాక్టోబాసిల్లస్ వంటి మేలు చేసే సూక్ష్మజీవులు, కొన్నింటిలో ఈస్ట్ ఉంటాయి. ఇవి పేగుల్లో చేరి, పారుడు తెచ్చే ఈ-కోలై వంటి వాటికి చోటు తగ్గిస్తాయి. పుట్టిన తొలి వారాల్లో, పాలు మార్చినప్పుడు, దూర ప్రయాణం తర్వాత ఉపయోగం ఎక్కువ. శుభ్రమైన కొట్టంలో, పుట్టిన రెండు గంటల్లోపే కడుపునిండా ముర్రుపాలు తాగిన దూడలో పెద్ద తేడా కనిపించకపోవచ్చు. పొడిని గోరువెచ్చని పాలలోనే కలపండి. వేడి పాలలో సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

సందేహం: మూడు వారాల సంకరజాతి పెయ్యకు తల్లి తినే దాణానే కాస్త పెట్టవచ్చా?
– మహిళా రైతు, చిత్తూరు జిల్లా

సమాధానం: వద్దమ్మా. పెద్ద పశువుల దాణాలో యూరియా కలిసి ఉండవచ్చు. దాన్ని వాడుకునే శక్తి దూడ పొట్టకు ఇంకా రాదు. 20 శాతానికి పైగా మాంసకృత్తులున్న కాఫ్ స్టార్టర్ (దూడల దాణా) రెండో వారం నుంచే గుప్పెడు చొప్పున అలవాటు చేయండి. అందులోని గింజలు రూమెన్ (మొదటి పొట్ట)లో పులిసినప్పుడు బ్యుటిరిక్ ఆమ్లం తయారవుతుంది. రూమెన్ లోపలి పొర మీద నూగులాంటి మొలకలు పెరగడానికి అదే ముఖ్య కారణం. తాగిన పాలు రూమెన్‌లోకి పోకుండా నేరుగా నాలుగో పొట్టకు చేరతాయి. కాబట్టి పాలు ఎన్ని పోసినా, రూమెన్‌కు నీరు అందేలా పక్కన మంచినీళ్ల తొట్టి ఉండాల్సిందే. రోజుకు కిలో స్టార్టర్ వరుసగా మూడు రోజులు తిన్నాకే పాలు మాన్పించండి.

సందేహం: పారుడు రాకుండా రోజూ చిటికెడు యాంటీబయాటిక్ పొడి వేయవచ్చా?
– యువ రైతు, ఏలూరు

సమాధానం: వేయకూడదు. మందుకు లొంగని సూక్ష్మజీవులు మీ కొట్టంలోనే తయారవుతాయి. పశువులకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని మన ప్రభుత్వం 2019లో నిషేధించింది కూడా. పారుడు మొదలైతే పాలు ఆపకండి. పాలకూ పాలకూ మధ్య ఎలక్ట్రోలైట్ ద్రావణం తాగించండి. మెడ చర్మాన్ని పట్టి లాగి వదిలినప్పుడు మడత అలాగే నిలిచినా, కళ్లు లోపలికి పోయినా, ఆలస్యం చేయకుండా డాక్టరును పిలిపించండి.