పర్యావరణ పరిరక్షణలో ఉద్యోగాలు: గ్రామీణ అభ్యర్థికి అవగాహన

నేపథ్యం

భారతదేశంలో అటవీ పాలన 1864లో ఇంపీరియల్ అటవీ శాఖ స్థాపనతో వ్యవస్థీకృతమైంది. తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్ జర్మన్ వృక్ష శాస్త్రజ్ఞుడు డైట్రిచ్ బ్రాండిస్. 1867లో ఇంపీరియల్ ఫారెస్ట్ సర్వీస్, 1878లో డెహ్రాడూన్ అటవీ పాఠశాల ఏర్పడ్డాయి. 1935 భారత ప్రభుత్వ చట్టం అడవులను ప్రావిన్సుల జాబితాకు మార్చిన తర్వాత ఈ సర్వీసుకు నియామకాలు ఆగిపోయాయి. అఖిల భారత సర్వీసుల చట్టం–1951 కింద 1966లో ప్రస్తుత ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ ఏర్పాటైంది. ఐఏఎస్, ఐపీఎస్‌లతో పాటు ఇది మూడో అఖిల భారత సర్వీసు. ఇండియన్ ఫారిన్ సర్వీస్ కేంద్ర సర్వీసు మాత్రమే. సంక్షిప్త నామాలు ఒకేలా ఉన్నందున అభ్యర్థులు ఈ తేడాను గమనించాలి.

రాజ్యాంగ, చట్టపరమైన పునాది

పర్యావరణ పరిరక్షణకు సంబంధించి 42వ రాజ్యాంగ సవరణ (1976) ద్వారా ఆదేశిక సూత్రాల్లో 48ఎ అధికరణ, ప్రాథమిక విధుల్లో 51ఎ(జి) చేరాయి. అడవులు (17ఎ), వన్యప్రాణుల సంరక్షణ (17బి) ఉమ్మడి జాబితాలోకి వచ్చాయి.

ప్రధాన చట్టాల క్రమం:
- భారత అటవీ చట్టం – 1927
- వన్యప్రాణి సంరక్షణ చట్టం – 1972 (2022 సవరణతో షెడ్యూళ్లు 6 నుంచి 4కు తగ్గాయి)
- జల కాలుష్య నివారణ చట్టం – 1974
- అటవీ సంరక్షణ చట్టం – 1980 (2023లో సవరణ)
- వాయు కాలుష్య నివారణ చట్టం – 1981
- పర్యావరణ పరిరక్షణ చట్టం – 1986
- జీవవైవిధ్య చట్టం – 2002
- అటవీ హక్కుల చట్టం – 2006
- జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం – 2010 (దక్షిణ మండల ధర్మాసనం చెన్నైలో ఉంది)

ఉద్యోగాల వర్గీకరణ

అటవీ శాఖలో క్షేత్రస్థాయి పాలన కింది నుంచి పైకి బీటు, సెక్షన్, రేంజి, డివిజన్, సర్కిల్ అనే క్రమంలో ఉంటుంది. అర్హతను బట్టి పర్యావరణ ఉద్యోగాలను నాలుగు రకాలుగా విభజించవచ్చు.

1. ఇంటర్మీడియట్ స్థాయి: ఫారెస్ట్ బీట్ ఆఫీసర్. తెలంగాణలో టీజీపీఎస్సీ, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీపీఎస్సీ ద్వారా నియామకం.
2. డిగ్రీ స్థాయి: ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసర్, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ (రాష్ట్ర సర్వీసు కమిషన్లు), ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ (యూపీఎస్సీ).
3. ఇంజినీరింగ్ స్థాయి: కాలుష్య నియంత్రణ మండలిలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్.
4. పరిశోధన స్థాయి: 1986లో ఏర్పడిన భారత అటవీ పరిశోధన, విద్యా మండలి పరిధిలోని సంస్థలు (హైదరాబాద్ దూలపల్లిలోని అటవీ జీవవైవిధ్య సంస్థ వీటిలో ఒకటి), వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా (డెహ్రాడూన్, 1982).

ఫారెస్ట్ సర్వీస్ ఎంపిక విధానం

విద్యార్హత: పశుసంవర్ధక–పశువైద్య శాస్త్రం, వృక్ష శాస్త్రం, రసాయన శాస్త్రం, భూగర్భ శాస్త్రం, గణితం, భౌతిక శాస్త్రం, గణాంక శాస్త్రం, జంతు శాస్త్రాల్లో కనీసం ఒకటి సబ్జెక్టుగా ఉన్న డిగ్రీ, లేదా వ్యవసాయం, అటవీ శాస్త్రం, ఇంజినీరింగ్‌లో డిగ్రీ. చరిత్ర, రాజనీతి శాస్త్రం వంటివి మాత్రమే చదివిన బీఏ అభ్యర్థులు అనర్హులు. బీఏలో గణితం లేదా గణాంక శాస్త్రం ఉంటే అర్హులే.

వయసు: 21–32 సంవత్సరాలు. ఓబీసీలకు 3, ఎస్సీ, ఎస్టీలకు 5 సంవత్సరాల సడలింపు. జనరల్ అభ్యర్థులకు 6, ఓబీసీలకు 9 అవకాశాలు. ఎస్సీ, ఎస్టీలకు పరిమితి లేదు.

దశలు: 2013 నుంచి సివిల్ సర్వీసెస్ ప్రిలిమ్సే దీనికీ ప్రిలిమ్స్. మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ 300, జనరల్ నాలెడ్జ్ 300, రెండు ఆప్షనల్స్‌కు నాలుగు పేపర్లు 800, మొత్తం 1,400 మార్కులు. ఇంటర్వ్యూ 300 మార్కులతో కలిపి 1,700. ఆప్షనల్స్ జాబితాలో 14 సబ్జెక్టులున్నాయి. వ్యవసాయం–అటవీ శాస్త్రం, గణితం–గణాంక శాస్త్రం వంటి జంటలను కలిపి ఎంచుకోరాదు.

శారీరక ప్రమాణాలు: నాలుగు గంటల్లో పురుషులు 25 కి.మీ., మహిళలు 14 కి.మీ. నడవాలి. కనీస ఎత్తు పురుషులకు 163 సెం.మీ., మహిళలకు 150 సెం.మీ.; ఎస్టీలకు సడలింపు ఉంది. ఎంపికైనవారికి డెహ్రాడూన్‌లోని ఇందిరాగాంధీ జాతీయ అటవీ అకాడమీలో శిక్షణ ఇస్తారు.

గ్రామీణ అభ్యర్థికి అనుకూల, ప్రతికూల అంశాలు

సిలబస్‌లోని పలు సంస్థలు గ్రామ స్థాయిలోనే పనిచేస్తాయి. జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఏర్పడి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు తయారుచేస్తాయి. అటవీ హక్కుల క్లెయిముల ప్రక్రియ గ్రామసభ నుంచే మొదలవుతుంది. ఉమ్మడి అటవీ యాజమాన్యానికి కేంద్ర మార్గదర్శకాలు 1990లో వెలువడగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితులు 1992లో మొదలయ్యాయి. ఊళ్లో వీటి పనితీరును పరిశీలించిన అభ్యర్థి ఇంటర్వ్యూలో ఉదాహరణలతో సమాధానం చెప్పగలడు.

ప్రధాన ప్రతికూలత భాష. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లో ఉంటుంది. మెయిన్స్ సమాధానాలు ఇంగ్లిష్‌లోనే రాయాలి. అందువల్ల తెలుగు మాధ్యమ విద్యార్థులు డిగ్రీ మొదటి సంవత్సరం నుంచే ఇంగ్లిష్‌లో సమాధాన రచన సాధన చేయాలి.

చదువు మార్గం

ఇంటర్మీడియట్‌లో బైపీసీ లేదా ఎంపీసీ తీసుకుంటే పై స్థాయిల్లో చాలావాటికి దారి ఉంటుంది. ఇంజినీరింగ్ స్థాయికి మాత్రం ఎంపీసీ సహజ మార్గం. బీఎస్సీ ఫారెస్ట్రీ కోర్సు తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల, పరిశోధన సంస్థలో అందుబాటులో ఉంది.

ప్రాధాన్యం

1988 జాతీయ అటవీ విధానం దేశ భూభాగంలో మూడో వంతు అటవీ, వృక్షాచ్ఛాదన ఉండాలని నిర్దేశించింది. 2023 అటవీ స్థితి నివేదిక ప్రకారం ఇది 25.17 శాతమే (అటవీ 21.76, వృక్ష 3.41). నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యాలు, శేషాచలం ఎర్రచందనం తెలుగు రాష్ట్రాల అటవీ సిబ్బంది బాధ్యతలో ముఖ్యమైనవి. రాజమహేంద్రవరానికి చెందిన అటవీ అధికారి పందిళ్లపల్లి శ్రీనివాస్‌ను 1991 నవంబర్ 10న గంధపు చెక్కల స్మగ్లర్ వీరప్పన్ హత్య చేశాడు. ఆయనకు మరణానంతరం కీర్తిచక్ర లభించింది. 1730లో రాజస్థాన్‌లోని ఖేజర్లీలో చెట్ల కోసం 363 మంది బిష్ణోయిలు చేసిన ప్రాణత్యాగానికి గుర్తుగా సెప్టెంబర్ 11ను జాతీయ అటవీ అమరవీరుల దినంగా పాటిస్తారు.

అభ్యర్థులకు సూచన

ముందుగా బీట్ ఆఫీసర్ ఉద్యోగం సాధించి, సర్వీసులో ఉంటూ డిగ్రీ పూర్తిచేసి పై పరీక్షలు రాయడం ఆర్థికంగా వెనుకబడిన కుటుంబాల విద్యార్థులకు ఆచరణ సాధ్యమైన పద్ధతి. వయసు, ఖాళీలు, రిజర్వేషన్ల వివరాలను ప్రతి నోటిఫికేషన్‌లోనూ సరిచూసుకున్న తర్వాతే దరఖాస్తు చేయాలి.