మిగిలిన రంగుకాగితముతో ఉగాది శుభాకాంక్షపత్రము

1860 నవంబరు 16వ తేదీన, మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ డర్బన్ రేవు చేరెను. అంతకు పూర్వమే మారిషస్‌కును, తరువాత ఫిజీకిని తెలుగువారు చెరకుతోటల కూలికై పోయిరి. వారిలో పెక్కుమంది ఒప్పందపత్రముపై సంతకము చేయజాలక గుర్తు మాత్రమే వేసిరి. ఆ 'అగ్రిమెంటు' అను మాటయే ఫిజీలో 'గిర్మిట్' అయినది.

వారి సంతతివారు నేడు విద్యావంతులు. అయినను తెలుగు భజనలను ఆంగ్లలిపిలో వ్రాసికొని పాడు ఇండ్లు అనేకము కలవు. పాట నిలిచినది, లిపి జారినది. పిల్లవాడు స్వహస్తముతో తెలుగు అక్షరములు వ్రాసి పంపు శుభాకాంక్షపత్రము ఆ లోటు తీర్చుటకు తొలిమెట్టు కాగలదు.

హెర్న్‌డన్‌లో ఉగాది

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున, డల్లెస్ విమానాశ్రయమునకు చేరువనున్న పట్టణము హెర్న్‌డన్. ఉగాదినాటికి అచ్చట చలి పూర్తిగా విడువదు. పెరటిలో మామిడిచెట్టు గాని వేపచెట్టు గాని పెరుగదు. డర్బన్‌లోనో మారిషస్‌లోనో పెరటి మామిడాకులతో తోరణము కట్టిన కుటుంబము అచ్చటికి వచ్చినచో, ఆ తోరణమును కాగితముతో కట్టి బంధువులకు పంపవచ్చును. ఇందులకు క్రొత్త కాగితము కొననక్కరలేదు. డిసెంబరు కానుకలకు చుట్టగా మిగిలిన పూలకాగితము, పాత శుభలేఖలు, నిరుటి క్యాలెండరు పుటలు చాలును. కాలు తగిలిన కాగితమును సరస్వతిగా నెంచి కన్నులకద్దుకొను ఇండ్లలో దానిని పారవేయక వినియోగించుట సహజమే.

కావలసిన వస్తువులు

8½ × 11 అంగుళముల గట్టి తెల్లకాగితము, రంగుకాగితపు ముక్కలు, కత్తెర, స్కేలు, జిగురు, నల్లసిరా కలము.

చేయు విధానము

1. తెల్లకాగితమును అడ్డముగా రెండు సమభాగములు చేయవలెను. ఒక్కొక్క భాగమును మధ్యకు మడచినచో 4¼ × 5½ అంగుళముల పత్రము ఏర్పడును. మడతగీతను ముందుగా సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ఒత్తినచో కాగితము పగులక చక్కగా మడుగును.

2. ఆకుపచ్చ ముక్కను రెండుగా మడచి సగము ఆకు ఆకారమున కత్తిరించి విప్పవలెను. మడతయే ఆకు నడిమి ఈనె యగును. ఇట్టి ఐదు ఆకులను పత్రము పైభాగమున వరుసగా అంటింపవలెను.

3. క్రిందిభాగమున శుభలేఖలోని ఎరుపు, బంగారువన్నె ముక్కలను సన్నని పట్టీలుగా కోసి చీర అంచువలె అమర్చవచ్చును. శుభలేఖపై దేవతాచిత్రమున్నచో దానిని ఛేదింపక సంపూర్ణముగా తీసి అంటించుట మర్యాద.

4. వర్జీనియా రాష్ట్రపుష్పమైన డాగ్‌వుడ్ ఆకారమున నాలుగు తెల్లని రేకలు తోరణము ప్రక్కన చేర్చినచో పత్రము ఏ ఊరినుండి వచ్చినదో తెలియును.

5. జిగురు పలుచగా పూయవలెను. నీరు ఎక్కువైనచో కాగితము ముడుతలు పడును. బరువైన పుస్తకము క్రింద ఒక రాత్రి ఉంచవలెను.

చదరపు కవరునకును, ఎగుడుదిగుడుగా నున్న కవరునకును అమెరికా తపాలాశాఖ అదనపు రుసుము తీసికొనును. కనుక అలంకారము పలుచగా నుండుట మేలు.

అక్షరములు

లోపలిపుట అలంకారము లేక తెల్లగా నుండవలెను. అచ్చట మొదట 'ఉగాది' అని వ్రాయింపవలెను. ఉ అచ్చు. గకారమునకు దీర్ఘము, దకారమునకు గుడి చేర్చినచో మాట పూర్తియగును. పిమ్మట సంవత్సరనామము వ్రాయవలెను. అరువది పేర్ల వరుసలో 2025 ఉగాదితో విశ్వావసు, 2026 ఉగాదితో పరాభవ ఆరంభమగును. తప్పు వ్రాసిన అక్షరమును పెద్దలు దిద్దవచ్చును గాని, పిల్లవానికి బదులుగా వ్రాయరాదు.

పత్రము వెనుక, ఓడనెక్కిన పూర్వుని పేరును ఊరిపేరును వ్రాయుట ఉచితము. నాటాలు ఓడల పట్టికలలో కూలీల పేరు, తండ్రిపేరు, గ్రామము నమోదైనవి. మారిషస్ పట్టికలు మోకా యందలి మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. ఆంగ్ల గుమాస్తాలు తమకు వినబడినట్లు వ్రాసికొనిన ఆ పేర్లను మనుమల మనుమలు తెలుగులో వ్రాయుటయే ఈ పాఠమునకు ఫలము.

అభ్యాసము

1. ఉగాది అను మాటను పదిమారులు వ్రాయుము.
2. ఇంటిపెద్దల నడిగి పూర్వుని ఊరిపేరు తెలిసికొని తెలుగులో వ్రాయుము.
3. రెండు పత్రములు చేసి, ఒకటి సముద్రమునకు ఆవలనున్న బంధువునకు పంపుము.