గ్యాసు కూడ పల్లమెరుగును: ఒంటిగది ఇంట్లో సిలిండరుకు చోటు

భివండీ పద్మనగర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకం కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి సాంచాల పని వెంట వచ్చినవే. ఊరిలో పొయ్యి పెరట్లోనో వసారాలోనో ఉండేది. పొగకు, మంటకు, మనిషికి మధ్య కొంత దూరం ఉండేది. ఇక్కడ అనేక కుటుంబాలకు దొరికే నివాసం ఒక్క గది. వంటగట్టు, స్నానానికి మోరీ, పడక, పిల్లల చదువు, ఫ్రిజ్ అన్నీ ఆ ఒక్క గదిలోనే. గ్యాసు సిలిండరు కూడ ఆ గదిలోనే ఉంటుంది. పగటి పాళీ, రాత్రి పాళీ పనులున్న ఇంట్లో ఒకరు వంట చేసే వేళ మరొకరు అదే నేలపై నిద్రపోతుంటారు. కాబట్టి సిలిండరును ఏ మూల ఉంచాలన్నది ఇంటిల్లిపాది ప్రాణాలకు సంబంధించిన విషయం.

1. గ్యాసు స్వభావం

వంటగ్యాసు అనేది ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువుల మిశ్రమం. ఒత్తిడి పెంచితే అవి ద్రవమవుతాయి. అందుకే ఎల్పీజీని ద్రవీకృత పెట్రోలియం వాయువు అంటారు. ఇంటికి వచ్చే ఎర్ర సిలిండరులో 14.2 కిలోల ద్రవం ఉంటుంది. బయటికి వచ్చినప్పుడు ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల వాయువుగా వ్యాపిస్తుంది.

ఈ వాయువుకు స్వతహాగా వాసన లేదు. కారినప్పుడు మనిషి గుర్తించడానికై ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. అయితే గాఢనిద్రలో ఉన్నవారిని ఆ వాసన మేల్కొలుపుతుందని నమ్మరాదు.

అన్నింటికంటె ముఖ్యమైన లక్షణం బరువు. వంటగ్యాసు గాలికంటె ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువైనది. పొగ పైకి పోతుంది, గ్యాసు నేలకు దిగుతుంది. నీరు పల్లమెరుగు అన్నది సామెత. గ్యాసు కూడ పల్లమెరుగును. నేలమీద పోసిన నీరు ఎక్కడ నిలుస్తుందో, కారిన గ్యాసు కూడ దాదాపు అక్కడే నిలుస్తుంది: మంచం కింద, ఫ్రిజ్ కింద, మోరీ గుంటలో, గడప లోపలివైపు. వానాకాలపు నీరు లోనికి రాకుండా ఎత్తుగా కట్టిన గడప, లోపల కారిన గ్యాసు బయటికి పోకుండ కూడ ఆనకట్టవలె అడ్డుపడుతుంది. పైనున్న కిటికీ ఒక్కటే తెరిచి ఉంటే చాలదనడానికి కారణం ఇదే.

2. ఎంత గ్యాసు ప్రమాదకరం?

గాలిలో సుమారు 2 శాతం నుంచి 9.5 శాతం వరకు వంటగ్యాసు కలిసినప్పుడు చిన్న నిప్పురవ్వ తగిలినా అంటుకుంటుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల ఎత్తు గల గదిలో గాలి దాదాపు 30 ఘనమీటర్లు. అందులో 2 శాతమంటే 0.6 ఘనమీటరు, తూకంలో సుమారు 1.3 కిలోలు. నిండు సిలిండరులో పదో వంతు కూడ కాదు.

కాని గ్యాసు గది అంతటా సమంగా వ్యాపించదు, ముందుగా నేలపై పొరగా పరుచుకొంటుంది. అడుగు ఎత్తు పొరలో ప్రమాద స్థాయికి చేరడానికి ఇదే గదిలో సుమారు 150 గ్రాములు చాలు. ఫ్రిజ్ మోటారు, దేవుని దీపం, అగరుబత్తి, నేలపై పెట్టిన స్విచ్‌బోర్డు ఇవన్నీ ఆ పొరకు అందుబాటులో ఉండేవే. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు ఫ్రిజ్ ఎవరూ ముట్టకుండానే మొదలవుతుంది, అక్కడ నిప్పురవ్వ పుట్టవచ్చు.

3. బస్సు ఇల్లు నేర్పే పాఠం

అమెరికాలో కొందరు పాత బడి బస్సులను కొని, సీట్లు తీసివేసి, వాటినే ఇళ్లుగా మార్చుకొని నివసిస్తారు. అటువంటి బస్సు లోపలి వెడల్పు సుమారు ఏడున్నర అడుగులు. వంట, పడక, స్నానం అన్నీ ఒక్క పొడవాటి గదిలోనే. ఈ విషయంలో బస్సు ఇల్లు పద్మనగర్ గదికి దూరపు చుట్టం.

అక్కడ వంటకు, వేడికి ప్రొపేన్ వాడతారు. బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల వద్దనే ఆవిరి కావడం మానుతుంది. ప్రొపేన్ మాత్రం సున్నాకు 42 డిగ్రీలు దిగువ వరకు ఆవిరి అవుతుంది. మంచు కురిసే చోట ప్రొపేన్, వేడి ప్రాంతమైన భివండీలో మిశ్రమం వాడటానికి కారణం అదే. ప్రమాద స్వభావంలో మాత్రం రెండూ ఒక్కటే.

బస్సు ఇంట్లో ప్రొపేన్ ట్యాంకును మనుషులు ఉండే చోట పెట్టరు. బయటికి మాత్రమే తలుపు గల పెట్టెలో ఉంచుతారు. ఆ పెట్టెకు, నివాసపు గదికి మధ్య సందు లేకుండ మూసివేస్తారు. పెట్టె అడుగుభాగాన గాలి రంధ్రం ఉంచుతారు. కారిన గ్యాసు గదిలోనికి రాక, కిందనుంచి బయటికి పోతుంది. ట్యాంకును 80 శాతానికి మించి నింపరు. ఎండకు ద్రవం వ్యాకోచించడానికి తావు ఉండాలన్నదే అందులోని ఆలోచన.

ఒంటిగది ఇంటికి బయటి పెట్టె సాధ్యం కాకపోవచ్చు. అయినా అందులోని సూత్రాన్ని గ్రహించవచ్చు: గ్యాసుకు నేల మట్టంలో బయటికి దారి ఉండాలి.

4. గదిలో సిలిండరు చోటు

సిలిండరును ఎల్లప్పుడు నిలువుగా, సమమైన నేలపై ఉంచాలి. పక్కకు పడుకోబెడితే వాయువుకు బదులు ద్రవమే గొట్టంలోనికి వచ్చి మంట అదుపు తప్పుతుంది. పొయ్యి గట్టుపైన, సిలిండరు దానికంటె కిందుగా ఉండాలి. పొయ్యి వేడి, ఎండ సిలిండరుకు తగలరాదు.

మోరీకి వీలైనంత దూరంగా ఉంచాలి. గ్యాసు మోరీలోనికి దిగితే, గటారు వెంట పొరుగు ఇంటికి కూడ పోగలదు. సిలిండరును గోతిలోగాని, తలుపులు బిగించిన గూటిలోగాని పెట్టరాదు. గూడు తప్పనిసరి అయితే దాని తలుపుకు పైన, కింద రంధ్రాలుండాలి.

ఇంటి యజమాని అనుమతితో వెలుపలి గోడకు నేలను ఆనుకొని ఒక రంధ్రం చేయించి జాలీ బిగించడం మేలు. అందులో అమర్చే గొట్టపు ముక్క బయటివైపు వాలి ఉంటే వాన జల్లు లోపలికి రాదు. ఆ రంధ్రం పొరుగువారి గదిలోనికో, కార్ఖానాలోనికో, గటారులోనికో తెరుచుకోరాదు. సాంచాల పరిసరాలలో దూది ధూళి జాలీని త్వరగా మూసివేస్తుంది కనుక వారానికొకసారి తుడవాలి. సిలిండరు వెనుక పేరుకొనే ధూళి కూడ నిప్పుకు ఆహారమే.

ఫ్రిజ్‌ను, స్విచ్‌బోర్డును సిలిండరుకు ఎదురు మూలకు మార్చాలి. నిద్రించే ముందు రెగ్యులేటరు మీట మూసివేయడం ఇంటిలో అందరికీ అలవాటు కావాలి. పొయ్యి మీట ఒక్కటే కట్టితే గొట్టం రాత్రంతా గ్యాసుతో నిండి ఉంటుంది. గొట్టం నారింజ రంగు సురక్షా గొట్టమై ఉండాలి. దాని పొడవు ఒకటిన్నర మీటరు మించరాదు. ఐదేళ్లకొకసారి, పగుళ్లు కనబడితే అంతకు ముందే, మార్చాలి.

5. సిలిండరు అందినప్పుడు

సీలు చెక్కుచెదరకుండ ఉందో లేదో చూడాలి. సిలిండరుపై ఖాళీ బరువు రాసి ఉంటుంది. అది 15.3 కిలోలు అయితే నిండు బరువు 29.5 కిలోలు. తూచి చూపమని తెచ్చినవారిని అడిగే హక్కు వినియోగదారునికి ఉన్నది.

పై కడ్డీ లోపలివైపు ఒక ఇంగ్లీషు అక్షరం, రెండంకెలు కనబడతాయి. ఎ అంటే జనవరి–మార్చి, బి అంటే ఏప్రిల్–జూన్, సి అంటే జూలై–సెప్టెంబర్, డి అంటే అక్టోబర్–డిసెంబర్. అంకెలు సంవత్సరాన్ని తెలుపుతాయి. ఆ గడువు తరువాత సిలిండరును తిరిగి పరీక్షించవలసి ఉంటుంది. గడువు దాటినదాన్ని స్వీకరించరాదు.

మూత తీసిన తరువాత వాల్వు లోపల రబ్బరు వలయం ఉన్నదో లేదో చూడాలి. బిగించిన పిమ్మట సబ్బునీరు పూసి బుడగలు వస్తున్నాయేమో గమనించాలి. అగ్గిపుల్ల గీసి పరీక్షించడం ప్రాణాంతకం.

6. వాసన వచ్చినప్పుడు

మొదట చేయరానిది: ఏ స్విచ్చూ వేయరాదు, ఆర్పరాదు. ఫ్యాను వేయాలన్న తొందరే అనేక ప్రమాదాలకు మూలం. పొయ్యి, దీపం, అగరుబత్తి ఆర్పాలి. రెగ్యులేటరు మూసి, విడదీసి, సిలిండరుకు రక్షణ మూత పెట్టాలి. తలుపులు, కిటికీలు తెరవాలి. పిల్లలను, వృద్ధులను, నిద్రిస్తున్నవారిని లేపి బయటికి పంపాలి. కరెంటు మెయిన్ గది వెలుపల ఉంటేనే, అక్కడినుంచి ఆపాలి. నేలమట్టపు గ్యాసును చీపురుతో గాని తడి గుడ్డతో గాని తలుపువైపు విసరవచ్చు.

గది దాటిన తరువాతనే ఫోను వాడాలి. గ్యాసు కారడానికి 1906, అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 108, అన్నిటికీ ఉమ్మడిగా 112. ఎదుటివారికి తెలుగు రాకపోవచ్చు కనుక ఈ వాక్యాలు ఇంటిలో పిల్లలకు కూడ నేర్పాలి. హిందీలో: "గ్యాస్ లీక్ హో రహా హై, పద్మనగర్, భివండీ." మరాఠీలో: "గ్యాస్ గళతీ హోత్ ఆహే." మంట లేచినప్పుడు: "ఆగ్ లాగ్లీ ఆహే." గల్లీ పేరు, దగ్గరి గుర్తు వెంటనే చెప్పాలి.

ఒళ్లు కాలితే పారే చల్లని నీటి కింద ఇరవై నిమిషాలు ఉంచి ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. పసుపు, సిరా, టూత్‌పేస్టు పూయరాదు.

7. చిన్న సిలిండరు, పెద్ద ముప్పు

చిరునామా పత్రం లేదన్న కారణంతో వలస వచ్చినవారు కొందరు అనధికార దుకాణాలలో చిన్న సిలిండరు నింపించుకొంటారు. ఒక సిలిండరు నుంచి మరొకదానికి గ్యాసు మార్చడం 2000 నాటి ఎల్పీజీ సరఫరా, పంపిణీ ఉత్తర్వు ప్రకారం నిషిద్ధం. అయినా ఇక్కడ చట్టంకంటె ముందు ఆలోచించవలసింది లెక్క. 14.2 కిలోల సిలిండరు లోపలి పరిమాణం 33.3 లీటర్లు, నింపే ద్రవం సుమారు 26 లీటర్లు. ఐదో వంతు ఖాళీని కావాలనే వదులుతారు. కొలత లేకుండ అంచువరకు నింపిన చిన్న సిలిండరులో ఆ ఖాళీ ఉండదు. ఎండకు, పొయ్యి వేడికి ద్రవం ఉబ్బితే సిలిండరు పగలడమే మిగులుతుంది.

సక్రమమైన మార్గాలు ఉన్నాయి. చమురు సంస్థల 5 కిలోల సిలిండరును గుర్తింపు కార్డు చూపి కొనవచ్చు, చిరునామా పత్రం అక్కరలేదు. ఇండియన్ ఆయిల్ దీనిని ఛోటూ పేరుతో విక్రయిస్తుంది. 2021 ఆగస్టు 10న ప్రారంభమైన ఉజ్జ్వల రెండో దశలో వలస కుటుంబాలకు రేషన్ కార్డు, చిరునామా పత్రాల స్థానంలో స్వీయ ప్రకటన ఇచ్చే వెసులుబాటు కల్పించారు. కొత్త దరఖాస్తులు తీసుకొంటున్నారా అన్నది దగ్గరి పంపిణీదారు వద్ద అడగాలి. సొంత ఊరిలో కనెక్షన్ ఉన్నవారు అక్కడ సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి బదిలీ వోచరు తెచ్చుకోవాలి. సిలిండరును రైలులో తీసుకొని రావడం నేరం.

8. నమోదు ఉంటేనే బీమా

చమురు సంస్థలు నమోదైన వినియోగదారుల కోసం బీమా తీసుకొంటాయి. గ్యాసే మూలకారణమైన ప్రమాదంలో మరణిస్తే ఒక్కొక్కరికి 6 లక్షల రూపాయలు, వైద్యానికి ఒక్కొక్కరికి గరిష్ఠంగా 2 లక్షలు, నమోదైన చిరునామాలో ఆస్తి నష్టానికి గరిష్ఠంగా 2 లక్షల వరకు రక్షణ ఉన్నది. ప్రమాదం జరిగిన వెంటనే పంపిణీదారుకు లిఖితపూర్వకంగా తెలపాలి. గది మారినప్పుడల్లా చిరునామా మార్పించుకోకపోతే ఆస్తి నష్టపు రక్షణ చేజారవచ్చు. దొంగచాటు సిలిండరు వాడే ఇంటికి ప్రమాదం తరువాత ఆధారమేదీ మిగలదు.

పాఠసారం

సిలిండరు నిలువుగా, పొయ్యికంటె కిందుగా, మోరీకి దూరంగా. గ్యాసుకు నేలమట్టంలో దారి. రాత్రి రెగ్యులేటరు కట్టుట. వాసన వస్తే స్విచ్చు ముట్టరాదు. కనెక్షన్ సొంత పేరున, నేటి చిరునామాతో.

అభ్యాసం

1. గది పొడవు, వెడల్పులను అడుగులలో కొలిచి గుణించండి. వచ్చిన చదరపు అడుగులను ఒకటింపావుతో గుణిస్తే, అడుగు ఎత్తు పొర అంటుకోవడానికి చాలిన గ్యాసు సుమారుగా గ్రాములలో తెలుస్తుంది.
2. నేలపై చెంబెడు నీరు పోసి ఎటు పారుతుందో చూడండి. ఆ దారిలో నిప్పు, ఫ్రిజ్, పడక ఉన్నాయా?
3. గొట్టం కొన్న సంవత్సరం, సిలిండరుపైనున్న గడువు చదివి గోడపై రాసి ఉంచండి.
4. చీకటిలో రెగ్యులేటరు కట్టడం ఇంటిలో ఎందరికి వచ్చునో పరీక్షించండి.