కట్టె, కొట్టె, తెచ్చె... సరే, ఎందుకు?

రామాయణాన్ని మూడు ముక్కల్లో చెప్పమంటే మనవాళ్లు ‘కట్టె, కొట్టె, తెచ్చె’ అనేశారు. కథ తెలిసినవాళ్లకు అందులో వారధీ రావణవధా సీతమ్మా అన్నీ కనిపిస్తాయి. తెలియనివాళ్లకు మాత్రం ఎవరు కట్టారో, ఎవర్ని కొట్టారో, అసలెందుకు కొట్టారో ఒక్కటీ అందదు. పిల్లలు రాసే సారాంశాల్లో చాలావాటికి ఇదే జబ్బు. కాదంటే దీనికి ఎదురు జబ్బు: మొదటి పేరా, చివరి పేరా దించేసి, మధ్యలో రెండు వాక్యాలు అతికించడం.

వాల్మీకి రామాయణం 24 వేల శ్లోకాలంటారు. బాలకాండ మొదటి సర్గలోనే నారదుడు కథంతా వంద శ్లోకాల్లో చెప్పేస్తాడు. చాలామంది పిల్లలచేత కంఠతా పట్టించే సంక్షేప రామాయణం అదే. వర్ణనలు పోయాయి, పొడుగాటి సంభాషణలు పోయాయి. కైకేయి వరం అడగడం, దశరథుడు ఇచ్చిన మాటకు కట్టుబడటం మాత్రం పోలేదు. అవి తీసేస్తే రాముడు అడవికి ఎందుకు వెళ్లాడో తెలియదు మరి.

పిల్లలకు మీరు ఇంట్లో నేర్పగలిగింది కూడా ఇదే: ఏం తీసేసినా ‘ఎందుకు’ను తీసేయకూడదు. ఇందుకు మీకు వ్యాకరణం రానక్కర్లేదు. వాళ్ల పాఠం మీకు తెలియకపోతే ఇంకా మంచిది, నిజంగానే అడుగుతారు.

కాకతీయుల చెరువుల మీద ఒక పాఠం ఉందనుకోండి. అమ్మాయి ఇలా రాసుకొచ్చింది: ‘కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం వంటి చెరువులు తవ్వించారు. ఇవి చాలా గొప్పవి. ప్రజలకు ఉపయోగపడ్డాయి.’ ఒక్క తప్పూ లేదు, కానీ పాఠం ఇందులో లేదు. ఎర్ర పెన్ను తీయకండి. పుస్తకం మూయించి, ‘వీటిని గొలుసుకట్టు చెరువులు అంటారు కదమ్మా, అలా వరసగా ఎందుకు కట్టారు?’ అని అడగండి. కాసేపు బుర్ర గోక్కుంటుంది, గోక్కోనివ్వండి. ‘పై చెరువు నిండితే అలుగు పారుతుంది కదా, ఆ నీళ్లు ఊరికే పోకుండా కింది చెరువులోకి వెళ్తాయి’ అంటుంది. ‘ఇప్పుడన్నావే, అదే రాయి’ అనండి. కాగితం మీదికి ఇలా వస్తుంది: ‘వాన నీరు వృథా కాకుండా కాకతీయుల కాలంలో చెరువులను గొలుసుగా కట్టారు. పైది నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరేది.’ మూడు చెరువుల పేర్లూ పోయాయి. పోనివ్వండి, అవి ఉదాహరణలు. ప్రశ్న పేర్ల గురించే అయితే అప్పుడు వేరే సంగతి.

నోటితో చెప్పాకే రాయించమనేది అందుకే. పుస్తకం తెరిచి ఉంటే కళ్లు అందులోని వాక్యాలనే పట్టుకుంటాయి, చెయ్యి వాటినే దించుతుంది. మూశాక మిగిలేది అర్థమైనంతే. అర్థం కానిదేదో కూడా అప్పుడే బయటపడుతుంది. అక్కడ మాత్రం పుస్తకం మళ్లీ తెరవనివ్వండి.

కుదించడం ఆ తర్వాతి పని. మూలంలో మూడోవంతు అనేది మన బడుల్లో పాత లెక్క. పరీక్షలో ఇన్ని మాటలని అడిగితే అన్నే. ముందు ‘చాలా గొప్పవి’ లాంటి మాటలు కొట్టేయించండి, వాటివల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు. ఒకే సంగతి రెండుసార్లు వస్తే ఒకటి చాలు. ‘కాబట్టి’, ‘అయినా’, ‘అందువల్ల’ జోలికి మాత్రం వెళ్లనివ్వకండి. చిన్న మాటలు కదా అని పిల్లలు ముందు వీటినే లేపేస్తారు, దాంతో వాక్యాలు దేనికది విడిపోతాయి. సొంత అభిప్రాయం కూడా ఇక్కడ వద్దు. రచయిత చెప్పింది నచ్చకపోతే ఆ మాట వేరే కాగితం మీద రాయమనండి, తప్పకుండా చదవండి.

గైడు కొనిపెట్టాలా అంటే, నేనైతే కొనను. ఫోన్‌ని అడిగితే క్షణంలో రాసిచ్చేస్తుంది, నిజమే. కానీ ఏది ఉంచాలి, ఏది వదలాలి అని తేల్చుకునే పనంతా అదే చేసేస్తే పిల్లకు మిగిలేది చేతిరాత సాధన. 11వ తరగతి సీబీఎస్‌ఈ ఇంగ్లీషు పేపర్లో నోట్సు, సారాంశం రాయమంటారు. ఆ హాల్లో ఫోను ఉండదు.

నాలుగో ఐదో చదివే పిల్లలకైతే రాత ఊసే ఎత్తకండి. చదివిన కథని, అది చదవని నానమ్మకో తమ్ముడికో చెప్పమనండి. వాళ్లు మధ్యలో ‘ఎందుకూ?’ అంటారు. మీరు అందించకండి, పిల్లల్నే చెప్పనివ్వండి.